ఐదు వాట్ల వాల్వు ఆంప్‌కి బూస్ట్ పెట్టేదెలా?

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా చర్చిలో గిటార్ వాయిస్తాను. సిగ్నల్ పెంచడానికి 12ఏఎక్స్7, స్పీకర్ నడపడానికి 6వీ6, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌కి 5వై3 వాల్వులు పెట్టి, ఫెండర్ కంపెనీ చాంప్ ఆంప్ పద్ధతిలో చిన్న ఆంప్ సొంతంగా కట్టాను. పాత రేడియోలోంచి తీసిన ఆరంగుళాల స్పీకర్ వాడుతున్నాను. టోన్ బాగుంది గానీ కీబోర్డు, డ్రమ్స్ మధ్యలో సోలో వినపడటం లేదు. ట్రాన్సిస్టర్ బూస్టర్ పెట్టమని ఒకరు, ఇంకో వాల్వు కలపమని ఇంకొకరు అంటున్నారు. సర్క్యూట్ బొమ్మ జత చేశాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. మీకు కావలసిన బూస్ట్ (సిగ్నల్‌కి అదనపు పెంపు) మీరు కట్టిన ఆంప్‌లోనే ఉంది, దాన్ని బయటికి తీయడానికి ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్, ఒక స్విచ్ చాలు.

మీ బొమ్మలో మొదటి దశ చూడండి. 12ఏఎక్స్7 ప్లేటుకి 100కె (కిలో ఓమ్స్), క్యాథోడ్‌కి 1.5కె రెసిస్టర్లు ఉన్నాయి. క్యాథోడ్ రెసిస్టర్‌కి అడ్డంగా కెపాసిటర్ లేదు. అందువల్ల గ్రిడ్‌కి (వాల్వులోకి సిగ్నల్ వెళ్లే కాలుకి) సిగ్నల్ వచ్చినప్పుడల్లా క్యాథోడ్ వోల్టేజి కూడా దానితో పాటు ఊగుతుంది, వాల్వు తన గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో దాన్ని) తనే తగ్గించుకుంటుంది. లెక్క వేస్తే ఆ దశ గెయిన్ 32 దగ్గర వస్తుంది. అదే 1.5కె మీద 25 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెడితే 61 దాకా పోతుంది. అంటే దాదాపు రెట్టింపు, 6 డెసిబెల్స్ బూస్ట్.

కానీ మీ పనికి 25 పెట్టమని నేను చెప్పను. అది బాస్ తీగల దగ్గర నుంచి అన్నిటినీ సమానంగా లేపుతుంది. కీబోర్డు ఎడమచెయ్యి ఇప్పటికే ఆ జాగా అంతా ఆక్రమించి ఉంటుంది. 0.68 మైక్రోఫారడ్ పెట్టి చూడండి. అప్పుడు సుమారు 300 హెర్ట్జ్ పైనుంచే బూస్ట్ బాగా అందుతుంది, కింద పెద్దగా మార్పుండదు. సోలో గుంపులోంచి బయటికి వచ్చేది ఆ పై భాగంతోనే. మరీ పల్చగా అనిపిస్తే 1 మైక్రోఫారడ్ వేయండి. మొసలి క్లిప్పులతో ఒక్కో విలువా తగిలించి, చెవికి నచ్చినదాన్ని సోల్డర్ చేయండి. క్లిప్పు మార్చే ప్రతిసారీ పవర్ తీసి, ఫిల్టర్ కెపాసిటర్లు డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టాలి. లోపల 300 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ పీకిన తర్వాత కూడా అది కొంతసేపు నిలబడుతుంది. మొదటి ఫిల్టర్ కెపాసిటర్ మీద 220కె, 2 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా వేసేయండి, దానంతటదే ఖాళీ అవుతుంది. అయినా మీటర్ పెట్టి సున్నా చూసుకోకుండా ముట్టుకోవద్దు.

ఇక స్విచ్. కెపాసిటర్ ఒక కాలు క్యాథోడ్‌కి, రెండో కాలు స్విచ్ ద్వారా ఛాసిస్‌కి (ఆంప్ లోహపు చట్రానికి). ఇంతవరకే చేస్తే స్విచ్ నొక్కగానే స్పీకర్‌లో 'టప్' మంటుంది. ఖాళీ కెపాసిటర్ ఒక్కసారిగా క్యాథోడ్ మీదున్న ఒకటిన్నర వోల్టుకి ఛార్జ్ కావడమే దానికి కారణం. ప్రార్థన మధ్యలో ఆ చప్పుడు ఎవరికీ బాగుండదు. స్విచ్‌కి అడ్డంగా 1 మెగ్ (మెగా ఓమ్) రెసిస్టర్ వేయండి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా కెపాసిటర్ ముందే ఛార్జ్ అయి ఉంటుంది, చప్పుడు రాదు. అంత పెద్ద రెసిస్టర్ గెయిన్‌ని కదపదు. స్విచ్‌ని కాలితో నొక్కాలనుకుంటే షీల్డ్ వైరు వాడండి, మామూలు వైరు హమ్‌ని (కరెంటు గుయ్‌మనే మోతని) లాక్కొస్తుంది.

హమ్ అంటే గుర్తొచ్చింది. బూస్ట్ పెట్టే ముందే మీ ఆంప్ మౌనంగా ఉన్నప్పుడు ఎంత హమ్ చేస్తోందో వినండి. మొదటి వాల్వు నుంచి వచ్చే హమ్‌ని కూడా బూస్ట్ లేపుతుంది. పవర్ తీసి, 12ఏఎక్స్7 పీకి, మళ్లీ ఆన్ చేయండి. హమ్ పోయిందంటే అది ముందు దశలది. ఫిలమెంటు వైర్లను మెలిపెట్టి ఛాసిస్ మూలకి ఆనించండి, గ్రౌండ్ పాయింట్లు సరిచూడండి. పోలేదంటే పవర్ సప్లైది. రెండో ఫిల్టర్ 8 మైక్రోఫారడ్ ఉంటే 22 చేయండి. మొదటిదాన్ని మాత్రం ఇష్టమొచ్చినట్టు పెంచొద్దు, ఆన్ చేసిన ప్రతిసారీ ఆ భారమంతా 5వై3 మీద పడుతుంది.

ఇంకో విషయం మనసులో పెట్టుకోండి. బూస్ట్ పెట్టినా 6వీ6 ఇచ్చేది ఆ నాలుగైదు వాట్లే. వాల్యూమ్ ఇప్పటికే చివరిదాకా తిప్పి ఉంటే స్విచ్ నొక్కినప్పుడు డిస్టార్షన్ పెరుగుతుంది, శబ్దం పెరగదు. పాటంతా వాల్యూమ్ సగంలో ఉంచి వాయిస్తేనే సోలో దగ్గర బూస్ట్‌కి చోటుంటుంది. నిజంగా శబ్దమే చాలకపోతే మార్చాల్సింది స్పీకర్‌ని. ఒక వాటుకి 87 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ తీసి 97 ఇచ్చే గిటార్ స్పీకర్ పెడితే, మీ ఐదు వాట్లు పాత స్పీకర్ మీద 50 వాట్లతో సమానం. నా మాట వింటే ముందు డబ్బు అక్కడ పెట్టండి. పది లేదా పన్నెండు అంగుళాలది, మీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి (స్పీకర్ వైపు చుట్టకి) సరిపోయే ఓమ్స్‌ది తీసుకోండి.

ప్రశ్న: నేనూ ఇలాంటి ఆంపే కట్టాను. స్పీకర్ నుంచి వచ్చే ఫీడ్‌బ్యాక్ వైరు కలపగానే కీచుమని అరుస్తోంది. తీసేస్తే మామూలుగా పనిచేస్తోంది. వాల్వు పోయిందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వాల్వు బాగానే ఉంది. ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ దగ్గర నుంచి వెనక్కి పంపే సిగ్నల్, తిరగబడింది, అంతే. గెయిన్‌ని తగ్గించాల్సిన ఆ సిగ్నల్ తోడై పెంచుతోంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (వాల్వు వైపు చుట్ట) రెండు వైర్లను ఒకదాని చోట ఒకటి మార్చండి, అరుపు ఆగుతుంది. స్పీకర్ విప్పేసి మాత్రం పరీక్షించకండి, లోడ్ లేకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సామాన్లు ఎక్కడ దొరుకుతాయి? అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోకల్‌గా చుట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మేడ్చల్

జవాబు: రెసిస్టర్లు, కెపాసిటర్లు, స్విచ్‌లు, వైర్లకు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. వాల్వులు మాత్రం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే కొనాలి.

ట్రాన్స్‌ఫార్మర్ తప్పకుండా చుట్టించుకోవచ్చు. 6వీ6 ఒక్కటే ఉంటే ప్రైమరీ 5 కిలో ఓమ్స్, సెకండరీ 8 ఓమ్స్ అని చెప్పండి. చుట్టేవాళ్లు అలవాటు కొద్దీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లాగే 'E' ఆకారపు రేకు అటూ 'I' ఆకారపు రేకు ఇటూ మార్చి మార్చి పేరుస్తారు. మీకు అది పనికిరాదు. ఒక్క అవుట్‌పుట్ వాల్వే ఉన్న ఆంప్‌లో ప్రైమరీ గుండా ఎప్పుడూ డీసీ పోతుంటుంది. అలా పేర్చిన కోర్ త్వరగా సాచురేట్ అయి (అయస్కాంతత్వం ఇక పెరగలేక) బాస్ చచ్చిపోతుంది. 'E' రేకులన్నీ ఒక వైపు, 'I' రేకులన్నీ ఇంకో వైపు పెట్టి, మధ్యలో పల్చటి కాగితం వేసి బిగించమని దగ్గరుండి చెప్పండి. చెబితే చక్కగా చేసిస్తారు.

ప్రశ్న: తాతగారి వాల్వు రేడియో అటక మీద ఉంది. దాన్ని గిటార్ ఆంప్‌గా మార్చవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు లోపలి వాల్వుల పేర్లు చదవండి. యూసీఎల్82, యూవై85 లాగా యూ అక్షరంతో మొదలైతే దాని జోలికి పోవద్దు. అవి ఏసీ-డీసీ సెట్లు. వాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్ నేరుగా 230 వోల్టుల లైనుకి కలిసి ఉంటుంది. గిటార్ తీగలు జాక్ ద్వారా ఛాసిస్‌కి కలుస్తాయి కాబట్టి తీగ ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు.

ఈసీఎల్86, ఈఎల్84 లాగా 'E' అక్షరంతో మొదలై, లోపల పెద్ద మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కనిపిస్తే పని జరుగుతుంది. మూడు పిన్నుల ప్లగ్ పెట్టి ఛాసిస్‌ని ఎర్త్ చేయించండి. ఏళ్ల తరబడి వాడని సెట్‌ని నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. దగ్గర్లో పాత రేడియో మెకానిక్ ఉంటే 60 వాట్ల బల్బుతో సిరీస్ బోర్డు మీద ఆన్ చేయమనండి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. వెలిగి మెల్లగా మందగిస్తే ఆశ ఉంది. ఆ తర్వాత వెనుక గ్రామఫోన్ కోసం ఇచ్చిన పికప్ సాకెట్‌లోకి, మధ్యలో బ్యాటరీతో నడిచే చిన్న ప్రీఆంప్ పెట్టి గిటార్ కలపండి. రేడియోని కోయక్కర్లేదు, సాయంత్రం వార్తలు కూడా వినవచ్చు.