అండమాన్ హనీమూన్: ఐదు రోజుల్లో ఎన్ని దీవులు చూడాలి?

ఈసారి ఉత్తరాలన్నీ అండమాన్ మీదే వచ్చాయి, పెళ్ళిళ్ళ సీజన్ కదా మరి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి కొన్నింటికి వివరంగా, కొన్నింటికి రెండు ముక్కల్లో చెప్పేస్తున్నా.

ప్రశ్న: మాకు మాఘమాసంలో పెళ్ళి, ఫిబ్రవరి ఆఖర్లో అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. ఏజెంట్ నాలుగు రాత్రుల ప్యాకేజీ ఇచ్చాడు. మొదటిరోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు, రెండోరోజు బారాటాంగ్ దీవి, మూడోరోజు హ్యావ్‌లాక్ దీవి, నాలుగోరోజు పొద్దున్నే నీల్ దీవికి వెళ్ళి సాయంత్రానికి మళ్ళీ పోర్ట్ బ్లెయిర్, ఐదోరోజు ఫ్లైట్. ఆయనకేమో డబ్బు పెట్టి వెళ్తున్నాం కాబట్టి అన్నీ చూసేయాలని, నాకేమో ఒకచోట కూర్చుని సముద్రం చూస్తే చాలని. ఎవరిది కరెక్ట్? - ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీదే కరెక్టమ్మా, ఈ పేజీ ఆయనకి చూపించండి. ఆ ప్యాకేజీలో మీరు ఎక్కువసేపు చూసేది సముద్రం కాదు, జెట్టీలో లగేజీ స్కానింగ్ క్యూ. బారాటాంగ్ సంగతే తీసుకోండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, జారవా తెగవాళ్ళ రిజర్వ్ అడవిలోంచి వెళ్ళాలి, బళ్ళన్నీ ఒక కాన్వాయ్‌గా జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర్నుంచి కదుల్తాయి, మొదటి కాన్వాయ్ అందుకోవాలంటే రాత్రి రెండున్నర మూడింటికే హోటల్లో లేవాలి. దారిలో బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, అక్కడివాళ్ళకి తినడానికి ఏమీ ఇవ్వకూడదు, ఇవన్నీ చట్టరీత్యా నేరాలే. (వాళ్ళని చూడ్డానికే వెళ్ళేవాళ్ళున్నారు, నాకైతే అది అస్సలు నచ్చదు, మనుషుల్ని చూడ్డానికి టికెట్టేంటి?) సున్నపురాయి గుహలు బాగుంటాయి, మడ అడవుల మధ్య పడవలో వెళ్ళడం ఇంకా బాగుంటుంది, కాదనను, కానీ తిరిగొచ్చేసరికి సాయంత్రమైపోతుంది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫెర్రీ. పెళ్ళి హడావిడిలో నిద్రలేక, ఆ మీదట ఇది.

ఏజెంట్లు చెప్పని ముఖ్యమైన విషయం ఇంకోటుంది, అక్కడ పొద్దు. అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది కానీ గడియారం మాత్రం మనదే, అందుకని డిసెంబర్లో సాయంత్రం ఐదుకే సూర్యుడు మునిగిపోతాడు, మీరెళ్ళే ఫిబ్రవరి ఆఖర్లో కూడా ఐదున్నర లోపే. హైదరాబాద్ అలవాటు ప్రకారం మధ్యాహ్నం భోంచేసి ఓ కునుకు తీసి తాపీగా ఐదింటికి బీచ్‌కి బయల్దేరితే చీకటే చూస్తారు. పొద్దున ఆరు లోపే బాగా తెల్లారిపోతుంది, కాబట్టి అక్కడ రోజు అంటే తెల్లారుజామున మొదలై సాయంత్రం ఐదింటికి అయిపోయేది. ఇప్పుడు మీ ప్యాకేజీ లెక్క వేసుకోండి, మూడోరోజు ఫెర్రీ దిగి రూముకెళ్ళి స్నానం చేసి తినేసరికి మధ్యాహ్నం, రాధానగర్ బీచ్ జెట్టీకి దగ్గర్లో ఉండదు, పది పన్నెండు కిలోమీటర్లు, అక్కడ గంటో రెండు గంటలో, ఇక మర్నాడు పొద్దున బ్యాగులు సర్దుకుని నీల్ ఫెర్రీ. ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని 2004లో టైమ్ మేగజైన్ మెచ్చుకున్న చోటికి వెళ్ళి గంటన్నరలో వచ్చేయడానికా అంత ఖర్చు?

నేనైతే ఇలా చేస్తా. బారాటాంగ్ పూర్తిగా తీసేయండి, నీల్ కూడా ఈసారికి వదిలేయండి, అవన్నీ పెట్టుకోవాలంటే ఏడెనిమిది రోజులుండాలి. మొదటిరోజు ఫ్లైట్ పొద్దున్నే దిగేదైతే ఆ మధ్యాహ్నమే హ్యావ్‌లాక్ ఫెర్రీ ఎక్కేయండి, ప్రైవేట్ ఫెర్రీ గంటన్నర పైచిలుకు, గవర్నమెంట్ పడవ ఇంకో గంట ఎక్కువ, టికెట్లు మాత్రం ఫ్లైట్‌తో పాటే బుక్ చేసేయాలి. మూడు రాత్రులు అక్కడే. టికెట్ల మీద స్వరాజ్ ద్వీప్ అని ఉంటే కంగారుపడకండి, 2018లో హ్యావ్‌లాక్ పేరు అలా మార్చారు, నీల్‌ని షహీద్ ద్వీప్ చేశారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ కూడా శ్రీ విజయపురం అయింది.

హ్యావ్‌లాక్‌లో రెండు వైపులు రెండు రకాలుగా ఉంటాయి. రిసార్టులు ఎక్కువ ఉండేది తూర్పు వైపు, విజయనగర్, గోవింద్‌నగర్ అని ఊళ్ళ పేర్లు, సూర్యోదయం అటే. రాధానగర్ పడమర వైపు, సూర్యాస్తమయం ఇటు. రిసార్ట్ ఫొటోల్లో రూము మెట్ల దాకా నీలం నీళ్ళుంటాయి చూశారూ, అది పోటు మీద తీసింది. ఆటు వచ్చినప్పుడు అదే చోట నీళ్ళు ఎక్కడికో దూరం వెళ్ళిపోయి రాళ్ళు, చచ్చిన పగడాల ముక్కలు, గుంటల్లో ఇరుక్కున్న చిన్న చేపలు మిగుల్తాయి, చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్ళు కోసుకుపోతాయి. చాలామంది అప్పుడు వచ్చి మోసపోయామని రిసెప్షన్లో గొడవపడతారు. మోసమేం లేదు, కాసేపాగితే నీళ్ళు వాటంతటవే వస్తాయి, పోటు టైము రోజుకి ముప్పావు గంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటుంది, హోటల్లో అడిగితే ఆరోజు టైము చెప్తారు, ఈతకీ ఫొటోలకీ దాన్నిబట్టి వెళ్ళండి. నిజానికి ఆటు టైమే నాకిష్టం. తడి ఇసుకలో గోరంత పీతలు కన్నాల్లోంచి బయటికొచ్చి ఇసుక నోట్లో పెట్టుకుని తినగలిగింది తీసేసుకుని మిగతాది ఆవగింజ కంటే కాస్త పెద్ద ఉండలుగా చుట్టి పక్కన పడేస్తుంటాయి, కన్నం చుట్టూ ముగ్గు పెట్టినట్టు చుక్కలు చుక్కలుగా పేరుకుంటాయి, మీరు కదిలితే చాలు అన్నీ మాయం, కదలకుండా కూర్చుంటే మళ్ళీ వస్తాయి. అన్నీ చూసేయాలన్న మీ ఆయన్ని అక్కడ ఓ అరగంట కూర్చోబెట్టండి.

ఒకరోజు ఎలిఫెంట్ బీచ్, జెట్టీ నుంచి పడవలో వెళ్ళొచ్చు, లేదా అడవిలోంచి నడిచి కూడా వెళ్ళొచ్చు, స్నార్కెలింగ్‌కి (కళ్ళకి మాస్క్, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళమీద తేలుతూ కిందికి చూడ్డం) అదే బాగుంటుంది, పదిన్నర దాటితే జనం. రాధానగర్‌కి రెండు సాయంత్రాలు పెట్టుకోండి, మూడున్నరకల్లా అక్కడుండాలి. నాలుగోరోజు పోర్ట్ బ్లెయిర్‌కి వచ్చేసి రాత్రి అక్కడే పడుకోండి, ఫ్లైట్ రోజునే ఫెర్రీ పెట్టుకోవద్దు, సముద్రం బాగాలేక పడవ ఆగిపోతే ఫ్లైట్ డబ్బులు ఎవరూ ఇవ్వరు. ఆ సాయంత్రం సెల్యులార్ జైలు, లైట్ అండ్ సౌండ్ షోతో సహా, తొందర లేకుండా చూడండి. ఏడు వింగుల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకి శిక్ష పడింది అండమాన్‌కే, ఆయన తర్వాత 1952లో లోక్‌సభకి గెలిచాడు. మనవాళ్ళు చాలామందికి ఈ సంగతి తెలీదు.

ప్రశ్న: శ్రావణంలో పెళ్ళి, ఆగస్టులో అక్కడ రూములు సగం రేటుకే ఇస్తున్నారట. వెళ్ళొచ్చా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సగం రేటుకి ఎందుకిస్తున్నారో అడిగారా? నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు అండమాన్‌నే తాకుతాయి, మే మధ్యనుంచి సెప్టెంబర్ దాకా వానే వాన. వాన అయితే పర్లేదు, కొత్త దంపతులకి వాన బాగానే ఉంటుంది, కానీ సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు క్యాన్సిల్, ఎలిఫెంట్ బీచ్ పడవలు బంద్, నీళ్ళు కలకబారిపోయి డైవింగ్‌లో ఏమీ కనపడదు. ఆగస్టులో తప్ప లీవు దొరకదంటే వెనక్కి వచ్చే రోజుకి ముందు రెండ్రోజులు ఖాళీగా ఉంచుకుని వెళ్ళండి, అంతే. పెళ్ళికి ఆషాఢమంతా ఆగారు కదా, హనీమూన్‌కి సంక్రాంతి దాకా ఆగలేరా అంటే నా మీద కోపమొస్తుందేమో, కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం అద్దంలా ఉంటుంది. అక్టోబర్, నవంబర్ కూడా నమ్మడానికి లేదు, బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం.

ప్రశ్న: మా వారు స్కూబా డైవింగ్ బుక్ చేసేశారు. నాకు ఈత రాదు, చెరువులో దిగాలన్నా భయమే. చెప్తే నవ్వుతున్నారు. - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈత రాకపోయినా మొదటిసారి చేయించే డైవ్ చేయొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, లోతు 12 మీటర్లు దాటనివ్వరు. ముందు నడుం లోతు నీళ్ళలో నోటితో గాలి పీల్చడం నేర్పిస్తారు, ముక్కుతో పీల్చే అలవాటు మానుకోవడమే కష్టం. కిందికి దిగేకొద్దీ చెవుల్లో నొప్పి వస్తుంది, ముక్కు మూసుకుని గాలి మెల్లిగా ఊదితే చెవులు టప్పుమని తెరుచుకుంటాయి, అది కాకపోతే చేత్తో సైగ చేసి పైకి వచ్చేయాలి, మొహమాటపడకూడదు. జలుబు, ఆస్తమా, గుండె సమస్య ఉన్నా, ప్రెగ్నెన్సీ డౌట్ ఉన్నా వద్దు, వాళ్ళిచ్చే ఫారంలో అబద్ధం రాయొద్దు. డైవ్ చేశాక కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకుండా ఉండేలా ప్లాన్ చేసుకోండి.

ఇదంతా మీకు చేయాలనిపిస్తేనే. ఆ నడుం లోతు ప్రాక్టీస్ దగ్గర కూడా భయం తగ్గకపోతే ఒడ్డుకి వచ్చేయండి, ఆయన ఒక్కడే వెళ్ళొస్తాడు. నవ్వడం మాత్రం తప్పు సార్, నీళ్ళలో భయపడ్డ మనిషి పక్కవాడి మాస్క్ కూడా లాగేస్తారు, ఇన్‌స్ట్రక్టర్లని అడగండి చెప్తారు.

భయం మాట వచ్చింది కాబట్టి, మొసళ్ళ గురించి అడిగినవాళ్ళకి కూడా ఇక్కడే. ఉన్నాయి, ఉప్పునీటి మొసళ్ళు. 2010లో రాధానగర్ దగ్గరే స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికన్ టూరిస్టుని ఒకటి చంపేసింది. అలాంటిది అరుదు, కానీ లైఫ్‌గార్డ్ ఉన్న చోటే దిగండి, మడ అడవుల పక్క, వాగు కలిసే చోట, చీకటి పడ్డాక దిగొద్దు, బోర్డు పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

ప్రశ్న: హనీమూన్‌కి అత్తగారు మామగారు కూడా వస్తామంటున్నారు. ఏం చెప్పాలి? పైగా వాళ్ళు శాకాహారులు. - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరేమీ చెప్పొద్దు, మీ ఆయన్ని చెప్పమనండి, వాళ్ళ అమ్మానాన్నలు కాబట్టి. చెప్పలేకపోతే ఆయన స్కూబాకి కూడా పనికిరాడు. తిండికి ఇబ్బంది లేదు, పోర్ట్ బ్లెయిర్‌లో ఇడ్లీ దోశ ఎక్కడైనా దొరుకుతాయి, మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు ఎక్కువ, అక్కడ మాట్లాడే భాషల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగే, ఆటోవాడితో మీరు కష్టపడి హిందీ మాట్లాడుతుంటే అతను తెలుగులో జవాబిచ్చినా ఆశ్చర్యం లేదు. హ్యావ్‌లాక్‌లో మాత్రం ఎక్కువమంది బెంగాలీ కుటుంబాలు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకి 1950ల్లో అక్కడ భూములిచ్చారు, అందుకని చేపల కూర అద్భుతం, శాకాహారం అంటే అన్నం, పప్పు, బంగాళాదుంప. పచ్చడి సీసా చెక్ఇన్ లగేజీలో పెట్టుకోండి, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే వదిలేయాల్సి రావచ్చు.

ప్రశ్న: విశాఖ నుంచి షిప్‌లో వెళ్తే చవకా? - ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: చవకే, కానీ రెండు మూడు రోజుల ప్రయాణం, రోజూ ఉండదు, తేదీలు ముందు చెప్పరు, మారిపోతుంటాయి. పది రోజుల లీవున్న బ్రహ్మచారికి బ్రహ్మాండం. కొత్త పెళ్ళికూతురు వాంతులు చేసుకుంటూ దిగితే నన్ననొద్దు.

ప్రశ్న: అక్కడ గవ్వలు, పగడం ముక్కలు ఏరుకుని తెచ్చుకోవచ్చా? ఒడ్డున పడున్నవే. - ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దండీ. చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన పగడమైనా తీసుకెళ్ళకూడదు, ఎయిర్‌పోర్ట్ స్కానర్లో కనిపిస్తే బ్యాగ్ విప్పించి తీసేసుకుంటారు, పగడాలూ కొన్ని రకాల శంఖాలూ 1972 వన్యప్రాణి చట్టం కిందకొస్తాయి కాబట్టి కేసు కూడా కావచ్చు. దండలు, గవ్వల దీపాలు కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో సాగరిక అని గవర్నమెంట్ ఎంపోరియం ఉంది, అక్కడ కొని బిల్లు బ్యాగులో అడుక్కి కాకుండా పైనే పెట్టుకోండి.