చిన్నప్పుడు ఏడీహెచ్‌డీకి మాత్రలు వాడిన అబ్బాయికి పైలట్ మెడికల్ వస్తుందా?

"మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏడీహెచ్‌డీకి (కుదురు, ఏకాగ్రత లేని సమస్య) మాత్రలు వాడాడు. 2023 జూన్‌లో డాక్టరు గారే ఆపేశారు. అమెరికాలో పైలట్ ట్రైనింగ్‌కి పంపాలనుకుంటున్నాం. కన్సల్టెన్సీ వాళ్లేమో మెడికల్ ఫారంలో ఆ సంగతి రాయొద్దు, ఎవరికి తెలుస్తుంది అంటున్నారు" అని నర్సాపురం నుంచి అడిగారు కదండీ.

రాయండి. అయితే కాగితాలన్నీ చేతిలోకి వచ్చాకే రాయండి. నేను రాశాను గానీ కాగితాల్లేకుండా రాశాను. దాంతో ఎనిమిది నెలలు పోయాయి.

మాది రేవుకి ఇవతల, సఖినేటిపల్లి వైపు లంక. పంటు ఎక్కితే మీ ఊరే. నాకు ఏడో తరగతిలో, 2016లో, కాకినాడలో ఏడీహెచ్‌డీ అని చెప్పారు. మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్రలు ఇచ్చారు. పదో తరగతి పరీక్షలయ్యాక 2019 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మూడేళ్లూ నాన్న నన్ను కాకినాడ తీసుకెళ్లిన ప్రతిసారీ చుట్టాలతో "కళ్ల పరీక్షకి" అని చెప్పేవారు. మన వైపు సంగతి మీకు తెలియంది కాదు, సైకియాట్రిస్టు అనగానే పిచ్చి డాక్టరు అంటారు. ఆ భయంతోనే అమ్మ మందుల చీటీలు ఎప్పటికప్పుడు చింపేసేది. తర్వాత వాటి కోసమే ఎంత తిరిగామో!

నాకూ ఒక కన్సల్టెన్సీ అతను మీకు చెప్పిన మాటే చెప్పాడు. "ఆయ్, ఇండియాలో వాడిన మాత్రలు అమెరికా వాళ్లకేం తెలుస్తాయండీ" అని. కానీ అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఫారంలో ఆరోగ్య చరిత్ర ప్రశ్న "మీ జీవితంలో ఎప్పుడైనా" అనే ఉంటుంది. తెలిసి అబద్ధం రాస్తే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు అని ఆ ఫారం మీదే ఉంటుంది. ఆ సంతకం పెట్టేది మీ అబ్బాయి, కన్సల్టెన్సీ అతను కాదు.

ఇక నేను చేసిన తప్పు. మెడ్‌ఎక్స్‌ప్రెస్ అనే వెబ్‌సైట్‌లో ఫారం నింపితే ఒక కన్ఫర్మేషన్ నంబరు ఇస్తుంది. ఎఫ్‌ఏఏ గుర్తింపు ఉన్న డాక్టరు ఆ నంబరుతో మన ఫారం తెరిచారంటే అప్లికేషన్ మొదలైపోయినట్టే, ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఎవరికీ ఇవ్వకపోతే 60 రోజులకి దానంతటదే పోతుంది. అలాంటి డాక్టర్లు మన దేశంలోనూ కొద్దిమంది ఉన్నారు. ఫ్లైట్ స్కూల్లో సీటు పోతుందన్న టెన్షన్‌లో రైలెక్కి ఒకాయన దగ్గరికి వెళ్లి ముందు నంబరు ఇచ్చేశాను, తర్వాత కథ చెప్పాను. ఆయన మంచివాడే. "నిజం చెప్పావు, సంతోషం. కాగితాలేవీ?" అన్నారు. నా దగ్గర పాస్‌పోర్టు తప్ప ఏమీ లేదు. డిఫర్ చేశారు. డిఫర్ అంటే తిరస్కరించడం కాదు, ఆ డాక్టరు తేల్చకుండా ఓక్లహోమా సిటీలో ఉన్న ఎఫ్‌ఏఏ మెడికల్ విభాగానికి పంపడం. కొన్నాళ్లకి అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా రికార్డులు పంపు, సైకాలజిస్టు రిపోర్టు పంపు అని. మీరు మాత్రం ముందు నంబరు ఇవ్వకుండా మాట్లాడటానికే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఏ కాగితాలు కావాలో, ఎవరి రిపోర్టు చెల్లుతుందో అన్నీ అప్పుడే అడిగేయండి.

ఆ ఉత్తరం పట్టుకుని ఇంట్లో వెతుకులాట మొదలైంది. 2022 జులై వరద గుర్తుంది కదా, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇచ్చేస్తారు, దాని మీద ఇంకెంత వచ్చిందో చూడండి. మా ఇంట్లో మంచం పట్టెల దాకా నీళ్లు. నా స్కూలు కాగితాలున్న ట్రంకుపెట్టె ఆ మంచం కిందే ఉంది. ప్రోగ్రెస్ కార్డులన్నీ ఒక ముద్దయిపోతే అమ్మ అప్పట్లోనే ఒక్కొక్కటీ విడదీసి, చాప మీద ఫ్యాను కింద ఆరబెట్టి మళ్లీ పెట్టెలో పెట్టిందట. ఎనిమిదో తరగతి కార్డు మీద ఇంకా బురద చార ఉంది. మార్కులు ఇంకు పెన్నుతో రాసినవి, అలుక్కుపోయాయి. కింద క్లాస్ టీచరు బాల్ పెన్నుతో రాసిన "తెలివి ఉంది, కుదురు లేదు" మాత్రం చెక్కుచెదరలేదు. మార్కులు స్కూలు రిజిస్టరు చూసి మళ్లీ రాసిచ్చారు. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంత డోసు, ఎప్పుడు ఎందుకు ఆపారు అన్నది కాకినాడ డాక్టరు గారు లెటర్‌హెడ్ మీద ఇచ్చారు. అప్పటికే ఆయన ప్రాక్టీసు మానేశారు, పాత డైరీ ఒకటి ఉండబట్టి సరిపోయింది.

సైకాలజిస్టు దగ్గర ప్రశ్నలు నేను భయపడినట్టు లేవు. చదువు, బండి నడపడం, ఫైన్లు, నిద్ర, డబ్బులు ఎలా ఖర్చుపెడతాను, ఇలాంటివే. ఆవిడ అమ్మకి ఫోన్ చేసి "మోటారు వేసి ఆపడం మర్చిపోతాడా అండీ?" అని కూడా అడిగారు. అమ్మ "అప్పుడు మర్చిపోయేవాడండి. ఇప్పుడు నేను మర్చిపోతుంటే వాడొచ్చి కట్టేస్తున్నాడు" అంది. ఆ మాట రిపోర్టులోకి ఎక్కింది!

ఇప్పుడు మీ అబ్బాయి లెక్క చూద్దాం. 2023లో ఎఫ్‌ఏఏ ఫాస్ట్ ట్రాక్ అని ఒక దారి తెరిచింది. మందులు మానేసి నాలుగేళ్లు నిండాలి, ఆ నాలుగేళ్లలో లక్షణాలూ ఉండకూడదు. డిప్రెషన్ లాంటి వేరే మానసిక సమస్యలకి వైద్యం జరిగి ఉంటే ఈ దారి కుదరదు. మీవాడికి 2027 జూన్‌కి నాలుగేళ్లవుతాయి. అంతకన్నా ముందే వెళ్లాలంటే స్టాండర్డ్ దారి. అందులో హిమ్స్ (పైలట్ల మానసిక ఆరోగ్యం చూసే కార్యక్రమం) శిక్షణ పొందిన న్యూరోసైకాలజిస్టు దగ్గర కాగ్‌స్క్రీన్ అనే కంప్యూటర్ పరీక్ష లాంటివి రాయాలి, దానికి వేల డాలర్లవుతాయి. నా మటుకు నేనైతే ఆగమనే అంటాను. ఇంటర్ అయ్యాక మిగిలే ఏడాదిలో మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే రాత పరీక్షలు, నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, పూర్తిచేసుకోవచ్చు. ఇండియా లైసెన్సుకి అవి ఎలాగూ రాయాలి.

ఇది చదివేవాళ్లలో ఇంకా మాత్రలు వాడుతున్నవాళ్లుంటే ఒక మాట. స్టాండర్డ్ దారిలో పరీక్షలకి 90 రోజుల ముందే మందు ఆపి ఉండాలి. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. ఆ మాత్రలతోనే నేను పది పాసయ్యాను. మందు లేకుండా కుదురుగా ఉండగలరో లేదో తేల్చాల్సింది మీ డాక్టరు, విమానం మీద మోజు కాదు.

ఇంకొకటి, అమెరికాలో పాసైనంత మాత్రాన ఇక్కడ చెల్లదు. తిరిగొచ్చి ఇండియాలో ఉద్యోగం చేయాలంటే డీజీసీఏ క్లాస్ 1 మెడికల్ విడిగా కావాలి, అక్కడా నిజమే చెప్పాలి. ముందు క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. ఆ రెండూ తేలేదాకా ఏ స్కూలుకీ ఫీజు కట్టకండి, పొలం మీద అప్పు అసలే తేకండి. మా పక్క ఊళ్లో ఒకాయన కొబ్బరితోట తాకట్టు పెట్టాక వాళ్లబ్బాయిని మెడికల్‌కి పంపారు. నేను దాని గురించి ఇక్కడ రాయను.

ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. మాత్రలు రాసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, ఆపిన తేదీతో సహా లెటర్ తీసుకోండి. తేదీ ఆయన చేత్తోనే రాయించండి. రెండు జిరాక్సులు తీసి ఒకటి మేడ మీద పెట్టండి. మీరూ గోదావరి పక్కనే ఉన్నారు కదా.