సంతకం పెట్టేముందు నాకు చదివి వినిపించు

అమ్మడూ,

రొయ్యల ప్లాంటు వాళ్ల మీద కేసు వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంటి పిల్ల యాజమాన్యానికి ఎదురు నిలబడిందని గుండె నిండిపోయింది. రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు.

నిన్ను ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తరం, జీతం చీటీలు, కంపెనీ ఇచ్చిన ఛార్జిషీటు రెండేసి జిరాక్సులు తీయించు. కేసు వేయడానికి గడువెంతో లాయరుగార్ని ఇవాళే అడుగు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని మూడేళ్ల లెక్క నమ్ముకోకు, దాని బదులు కొత్త కోడ్ వచ్చింది.

నా భయమల్లా క్లెయిమ్ స్టేట్‌మెంట్, అంటే మన గోడు కోర్టుకి రాసిచ్చే కాగితం గురించే. 1995లో గోతాల లెక్క తగ్గిందని నన్ను స్టోర్స్ నుంచి తీసేశారు. కంపెనీ ఎంక్వైరీలో గేటు వాచ్‌మన్ వాంగ్మూలం చదివారే గాని కాపీ ఇవ్వలేదు, అతన్ని ఒక్క ప్రశ్న అడగనివ్వలేదు. ఎంక్వైరీ రిపోర్టు నా కంట పడకుండానే ఉద్యోగం తీసేశారు. శిక్ష వేసేముందు ఆ రిపోర్టు కార్మికుడికివ్వాలని సుప్రీంకోర్టు ఈసీఐఎల్ అనే కంపెనీ కేసులో 1993లోనే చెప్పింది. ఇవ్వకపోవడంవల్ల తనకేం నష్టం జరిగిందో అతనూ చూపించాలంది.

లాయరుగారు అడిగారు, "ఎంక్వైరీ సరిగ్గా జరిగిందా?" అని. నాకు రోషం. "నేను దొంగని కానని రాయండి, చాలు" అన్నాను. రెండు పేజీలు టైపు చేశారు, సంతకం పెట్టేశాను.

కోర్టు విచారణలో కంపెనీ వాళ్లు నా హాజరు కూడా బాగోలేదని కొత్తగా ఎత్తుకున్నారు. ఛార్జిషీటులో లేని మాట ఇప్పుడెలా అంటారని జడ్జిగారు ఆపేశారు. ఆ రోజు బస్సులో పాలకొల్లు దాకా నవ్వుకుంటూ వచ్చాను. సాక్ష్యాలన్నీ అయిపోయాక వాచ్‌మన్ సంగతి లాయరుగారికి చెప్పాను. ఆయన తల పట్టుకుని, క్లెయిమ్‌లో ఆ మాట చేర్చనివ్వమని సవరణ పిటిషన్ వేశారు. జడ్జిగారు ఒకటే అడిగారు: "ఇది మీకు ముందు తెలియదా?" మొదటి రోజునుంచీ తెలుసు. పిటిషన్ కొట్టేశారు, తర్వాత కేసూ పోయింది. ముందు రాయని మాట తర్వాత ఎత్తకూడదని వాళ్లను ఆపిన న్యాయమే నన్నూ ఆపింది. అది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఫీజుకోసం మీ అత్తయ్య నాను అమ్మింది. ఒక్క మాట అనలేదు నన్ను.

అందుకే చెప్తున్నా, సిగ్గుపడకు, దాచకు. సూపర్‌వైజరు నీతో ఏమన్నాడో, ఎంక్వైరీలో తోడు మనిషిని కావాలన్నావో లేదో, ఏ కాగితం అడిగితే ఇవ్వలేదో, అన్నీ తేదీలతో రాయించు. తీసేసినప్పటినుంచి వేరే సంపాదన లేకపోతే అదీ రాయాలి. తీసేసిన రోజునుంచి రావాల్సిన జీతం అడగాలంటే ముందు ఆ మాట మనమే చెప్పుకోవాలని 2013లో సుప్రీంకోర్టు అంది. సవరణ అసలు దొరకదని కాదు. కొత్త కాగితం ఏదైనా బయటపడితే ఆ వారంలోనే పిటిషన్ వేయించు, సాక్ష్యం మొదలు కాకముందే. విచారణ మొదలయ్యాక అడిగితే, ఎంత శ్రద్ధ పెట్టినా ముందు చెప్పలేకపోయానని చూపించాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002నుంచి ఉన్న షరతది. కార్మికుల కేసులు వినే కోర్టు అచ్చంగా దాన్నే పట్టుకోకపోయినా ఎందుకింత ఆలస్యమని అడక్క మానదు.

మొన్న లాయరుగారి దగ్గరికి ఒక్కదానివే వెళ్లావట! మావయ్య చచ్చాడనుకున్నావా? వాయిదాలకి నేనొస్తాను. టిఫిన్ డబ్బా మీ అత్తయ్య కడుతుంది.

ఆదివారం కాగితాలు పట్టుకుని రా. సంతకం పెట్టకముందు ప్రతి పేరా నాకు చదివి వినిపించు. చూపు తగ్గింది గాని చెవులు బాగానే ఉన్నాయి.

మీ మావయ్య