పాత లారీ ఇంజన్లు: నాజిల్ ప్రెషరు ఎంత ఉండాలి, ఎవరు సరిచేయాలి?

ప్రశ్న: మాది టాటా 697 ఇంజన్ ఉన్న పాత లారీ. కొంతకాలంగా లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ కమ్ముతున్నది, పికప్ తగ్గింది, ఉదయం స్టార్టు చేయగానే ఇంజన్ కాసేపు టకటకమని కొట్టుకుంటున్నది. పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచుదామని ఒక మెకానిక్, నాజిళ్ల ప్రెషరు పెంచితే చాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక లారీ యజమాని, సూర్యాపేట

జవాబు: మొదటి ఆయన మాట అసలు వినవద్దు, రెండవ ఆయన మాట సగమే వినండి. నల్లపొగ వస్తున్నదంటే సిలిండరులోకి వెళ్లిన డీజిల్ పూర్తిగా కాలడం లేదన్నమాట. అటువంటప్పుడు స్క్రూ తిప్పి ఇంకా డీజిల్ పంపించడం, తిన్నది అరగక బాధపడుతున్నవాడికి మరో ముద్ద కలిపి పెట్టడం వంటిది. పొగ లేకుండా పికప్ మాత్రమే తగ్గి ఉంటే డీజిల్ ఫిల్టరు మూసుకుపోయిందనో, ఫీడ్ పంపు బలహీనపడి ఇంజెక్షన్ పంపుకు డీజిల్ సరిగా అందడం లేదనో అనుమానించవలసి వచ్చేది. మీ విషయంలో పొగ ఉన్నది కనుక ముందు ఎయిర్ క్లీనరు విప్పి శుభ్రం చేయించండి, ఆ తరువాత సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దగ్గరకు రండి.

నాజిల్‌లోని సూదిని ఒక స్ప్రింగు అదిమి పట్టి ఉంచుతుంది. పంపు నుంచి వచ్చే డీజిల్ ఒత్తిడి ఆ స్ప్రింగు బలాన్ని మించినప్పుడే సూది లేచి, డీజిల్ పొగమంచులా చిమ్ముతుంది. ఈ తరం ఇంజన్లలో ఆ ఒత్తిడి 200 బార్లకు అటూ ఇటూగా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు ఉంటుంది. కచ్చితమైన అంకెను మాత్రం మీ బండి మాన్యువల్‌లోనే చూసుకోవాలి. ఏళ్ల తరబడి పనిచేసి స్ప్రింగు నీరసించినప్పుడు సూది తక్కువ ఒత్తిడికే లేస్తుంది. డీజిల్ ఒక క్షణం ముందుగా, పెద్ద పెద్ద తుంపరలుగా పడి, మీరు రాసిన కొట్టుడునూ పొగనూ కలిగిస్తుంది. అందువల్ల తగ్గిన ప్రెషరును మాన్యువల్ చెప్పిన చోటికి తిరిగి తేవడం న్యాయమే. బలం వస్తుందని అంతకు మించి పెంచితే సూది ఆలస్యంగా లేస్తుంది, పంపు మీద భారం పడుతుంది, చిమ్మే డీజిల్ కూడా కొంత తగ్గుతుంది.

ఆరు నాజిళ్లనూ విప్పే ముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. ఇంజన్ స్లోలో నడుస్తుండగా, గుడ్డ అడ్డం పెట్టి, ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి మళ్లీ బిగించాలి. నట్టు వదిలినా ఇంజన్ చప్పుడులో మార్పు రాకపోతే ఆ సిలిండరు అంతకుముందే పని చేయడం లేదని అర్థం. కొట్టుడు ఆగిపోతే దోషి ఆ నాజిలే కావచ్చు.

విప్పిన నాజిళ్లను పంపు షాపులో చేతి టెస్టరు మీద మీరు దగ్గరుండి చూడండి. సూది లేచే ప్రెషరు ఎంతో మీటరు చెబుతుంది, చిమ్మే తీరు కంటికి కనబడుతుంది. ఆ తరువాత ప్రెషరును లేచే అంకెకు 20 బార్లు తక్కువలో ఉంచి పది సెకన్లు ఆగితే నాజిల్ కొన మీద బొట్టు కట్టకూడదు. బొట్టు కట్టిందంటే సూది కూర్చునే సీటు అరిగిందన్నమాట. దానికి స్ప్రింగు కింద ఎన్ని షిమ్ములు (పలుచని లోహపు బిళ్లలు) వేసి ప్రెషరు పెంచినా ప్రయోజనం లేదు, నాజిల్ మార్చవలసిందే. ఆరింటి ప్రెషరూ ఒకే విధంగా ఉండాలి. ఆ తుంపర కింద ఎవరూ చేయి పెట్టకూడదు, అది చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. అలా జరిగితే పైకి చిన్న చుక్కలా కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తిరిగి బిగించేటప్పుడు పాత రాగి వాషరు తీసి కొత్తది ఒక్కటే వేయించండి. పాతది గుంటలోనే ఉండిపోయి, దాని మీద కొత్తది పడితే నాజిల్ కొన పైకి జరిగి, డీజిల్ పడవలసిన చోట పడదు.

నాజిళ్లన్నీ బాగుండి కూడా పొగ తగ్గకపోతే అప్పుడు పంపు టైమింగు, అంటే పంపు డీజిల్ పంపే క్షణం సరిగా ఉన్నదో లేదో చూడడం, ఆ పైన పంపును బెంచి మీదికెక్కించి ఆరు గొట్టాలకూ సమానంగా డీజిల్ వస్తున్నదో లేదో కొలిపించడం. స్క్రూకు వేసిన సీలును రోడ్డు పక్కన తెంచేవారికి ఆ కొలత తెలిసే మార్గం లేదు.

ప్రశ్న: నా దగ్గర 1991 నాటి షెవర్లే పికప్ ట్రక్కు, 5.7 లీటర్ల పెట్రోలు ఇంజన్, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) మీద రెండు ఇంజెక్టర్లు ఉన్నాయి. బండి లాగడం లేదు. సర్దుబాటు చేసుకునే ప్రెషర్ రెగ్యులేటరు కొన్నాను. ప్రెషరును 18 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి 18 పౌండ్లకు) పెంచవచ్చా?
- ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: మీ ఇంజన్‌కు కంపెనీ నిర్ణయించిన ప్రెషరు 9 నుంచి 13 పీఎస్ఐ. ఇంజెక్టరు చిమ్మే పరిమాణం ప్రెషరు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కనుక 11 నుంచి 18కి తీసుకుపోతే పెట్రోలు దాదాపు 28 శాతం ఎక్కువ పడుతుంది. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సరు మాట విని కంప్యూటరు దానిని తగ్గించడానికి ప్రయత్నిస్తుంది, అంతా తగ్గించలేకపోతే ప్లగ్గులు నల్లబడతాయి.

ముందు గేజి పెట్టి కొలవండి. ఈ ఇంజన్‌కు విడిగా టెస్ట్ పోర్టు ఉండదు, ఫిల్టరుకూ థ్రాటిల్ బాడీకీ మధ్య గేజిని కలపాలి. 9 కన్నా తక్కువ చూపిస్తే ఫిల్టరు, పంపుకు అందే వోల్టేజి, ట్యాంకు లోపల పంపును పైపుకు కలిపే రబ్బరు గొట్టం పరీక్షించండి. ప్రెషరు సరిగానే ఉంటే స్కానరులో దీర్ఘకాల సవరణ అంకెను చూడండి. 128 అంటే సమతూకం, అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే కంప్యూటరు పెట్రోలు కలుపుతున్నదని, బాగా తక్కువ ఉంటే తగ్గిస్తున్నదని అర్థం. ఇంజన్ నడుస్తుండగా ఎయిర్ క్లీనరు తీసి, టైమింగ్ లైటును (ఇంజన్ తిరుగుడుకు తగ్గట్టు మెరిసి ఆరే దీపాన్ని) ఇంజెక్టర్ల మీదికి తిప్పితే రెండు తుంపరలూ గొడుగులా నిలిచినట్లు కనబడతాయి. ఒక గొడుగు వంకరగా ఉన్నా, ఇంజన్ ఆపిన తరువాత బొట్లు రాలుతున్నా ఆ ఇంజెక్టరు మార్చండి. అప్పటిదాకా కొత్త రెగ్యులేటరును పెట్టెలోనే ఉంచండి.