సంతకానికి పైన ఇరికించిన వాక్యం

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. నాకు 23 ఏళ్లు, డిగ్రీ పూర్తయింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాను. స్టేషన్లో కూర్చుని రాసే పని కన్నా, బండి మీద తిరుగుతూ ఫోను రాగానే వెళ్లే పెట్రోలింగ్ పనే చేయాలని నా కోరిక. అన్నయ్యకు ఇష్టం లేదు. రాత్రిళ్లు మగవాళ్లతో కలిసి ఊళ్లు తిరిగే ఆడపిల్లకు సంబంధాలు రావంటాడు. మేనత్త కొడుకుతో నా పెళ్లి అనుకున్నారు. బావ ఉద్యోగం వద్దనడు గానీ, రాత్రి డ్యూటీలు లేకుండా రాయించుకోమంటాడు. నాన్న పత్తి, మిర్చి వేస్తారు. కోచింగ్‌కు అప్పు చేసైనా పంపుతానంటున్నారు. అమ్మ మాత్రం అవునని గానీ కాదని గానీ చెప్పదు. మా మేనమామ కానిస్టేబుల్‌గా పనిచేస్తూ తొంభైల్లో మందుపాతర పేలి చనిపోయాడు. యూనిఫామ్‌లో ఉన్న ఆయన ఫొటో మా ఇంట్లో గోడ మీద ఉంది, దండ అమ్మే మారుస్తుంది. అన్నయ్యను, బావను ఎలా ఒప్పించాలి? మరిచాను, నాకు చిన్నప్పటి నుంచి శవాలంటే భయం.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. చోటు చాలక కుదించాను. అందులో రెండు పేజీలు అన్నయ్య మీద, ఒకటి బావ మీద రాశారు. అమ్మకు నాలుగు వాక్యాలు దక్కాయి. శవాల భయం గురించిన వాక్యానికి మాత్రం చోటే లేదు. కాగితం అడుగున, సంతకానికి పైన, చిన్న అక్షరాలతో ఇరికించారు. ఇన్నేళ్లుగా ఉత్తరాలు చదువుతున్నదాన్ని కదా, నా కన్ను ముందు అలాంటి వాక్యాల మీదే పడుతుంది. కాబట్టి మీరు అడిగిన వరుసలో కాకుండా నా వరుసలో చెబుతాను.

అన్నయ్య సంగతి త్వరగా తేల్చేస్తాను. కానిస్టేబుల్ అమ్మాయికి సంబంధాలు రావన్నది పాత మాట. సర్కారు కొలువున్న కోడలు కావాలని ఆరా తీసేవాళ్లను నేను హనుమకొండలో వారానికి ఇద్దరినైనా చూస్తున్నాను. ఆ ఆరా వెనుక ఉన్న ఆశ నాకు నచ్చదనుకోండి, అది వేరే విషయం. స్టేషన్లలో పనిచేసే సివిల్ కానిస్టేబుల్ కొలువుల్లో మూడో వంతు మహిళలకే కేటాయించారంటే, దాని వెనుక అవసరం ఉంది. సూర్యాస్తమయం తర్వాత మహిళను అరెస్టు చేయాలంటే ప్రత్యేక కారణం ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి, ఆ పని మహిళా అధికారే చేయాలి. పాత చట్టంలోనూ అదే ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అదే ఉంది. ఒక ఇంట్లో భర్త కొట్టాడని అర్ధరాత్రి ఫోను వస్తే, తలుపు వెనుక ఏడుస్తున్న మనిషి మగ పోలీసుకు ఎంత చెబుతుంది? అన్నయ్యతో వాదించేటప్పుడు ఈ మాట అడగండి. జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు, కాసేపు ఆలోచిస్తాడు.

అయితే మీ కోరిక గురించి ఒక నిజం చెప్పాలి. చిన్న పట్టణాల స్టేషన్లలో మహిళా కానిస్టేబుళ్లను ఎక్కువగా రిసెప్షన్‌లో, కోర్టు డ్యూటీలో, ఆడవాళ్లపై వేధింపుల సంగతి చూసే షీ టీముల్లో, బందోబస్తుల్లో వేస్తారు. బ్లూకోల్ట్స్ అనే గస్తీ బైకు మీదో, పెట్రోలింగ్ కారులోనో రోజూ తిరిగే అవకాశం అందరికీ రాదు. ఎవరికి ఏ డ్యూటీ అన్నది మీ ఇష్టం మీద ఆధారపడదు. పొద్దున రోల్ కాల్‌లో పేరు పిలిచి చెప్పినదే మీ పని. పైగా ఇదంతా సివిల్ కానిస్టేబుల్ అయితేనే. సాయుధ విభాగంలో పడితే ఎస్కార్టు, గార్డు, బందోబస్తుతోనే ఎక్కువ కాలం గడుస్తుంది. ఇది తెలిసి కూడా కావాలనుకుంటున్నారా అన్నది మొదటి ప్రశ్న.

ఇక పెట్రోలింగ్ అంటే ఏమిటో చూద్దాం. రాత్రి బీటులో బ్యాంకు, ఏటీఎం, బంగారం కొట్లు, గుడి దగ్గరికి వెళ్లి, వచ్చినట్టు గుర్తు పెట్టాలి. బస్టాండులో పడుకున్నవాళ్లను లేపి ఎక్కడివాళ్లో అడగాలి. రోడ్డు మీద నిలబడి, తాగి బండి నడిపేవాళ్ల చేత గొట్టం ఊదించాలి. ఊదేవాడు మీ ఊరివాడే, నాన్నకు తెలిసినవాడే కావచ్చు. చిన్న పట్టణంలో అసలు కష్టం అక్కడుంది. హైదరాబాదులో పోలీసును ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఇక్కడ పట్టుకున్న పది నిమిషాల్లో నాన్నకు ఫోను వెళుతుంది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్టుకు బస్తాల బండ్లు బారులు తీరినప్పుడు, తెల్లవారుజామున లైట్లు లేని ట్రాక్టర్లను పక్కకు తీయించేదీ మీరే. వినాయక నిమజ్జనం, బతుకమ్మ తొమ్మిది రోజులు, రెండేళ్లకోసారి మేడారం జాతర, అందరికీ పండుగైన ప్రతిరోజూ మీకు డ్యూటీయే. సద్దుల బతుకమ్మ నాడు వదిన పేర్చిన బతుకమ్మను మీరు చెరువు గట్టున తాడు పట్టుకుని నిలబడి చూస్తారు. ఈ ఒక్క మాటకు నా దగ్గరకు కౌన్సెలింగ్‌కు వచ్చే పోలీసు కుటుంబాల ఆడవాళ్లు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటారు.

ఎక్కువసార్లు వెళ్లాల్సింది మాత్రం ఇళ్లకే. భార్యాభర్తల గొడవలు, అన్నదమ్ముల పొలం గెట్టు పంచాయితీలు, కొడుకు అన్నం పెట్టడం లేదని ఫోను చేసిన ముసలమ్మలు. శనివారం రాత్రి పెట్రోలింగ్ వాళ్లు చూసి వచ్చిన గొడవే సోమవారం పొద్దున నా గదికి వస్తుంది. దంపతులతో మాట్లాడుతున్నప్పుడు, ఆ రాత్రి వచ్చిన కానిస్టేబుల్ అరిచి వెళ్లాడా, కూర్చుని విన్నాడా అన్నది నాకు తెలిసిపోతుంది.

అలాంటి ఫోన్లలోనే మీరు భయపడేదీ ఉంటుంది. పురుగుల మందు తాగినవాళ్లు, శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువలో పడ్డవాళ్లు, రోడ్డు ప్రమాదాలు. 108 బండి వచ్చేలోపు చాలాసార్లు పెట్రోలింగ్ వాళ్లే ముందు చేరుకుంటారు. చనిపోయింది మహిళ అయితే పంచనామా సమయంలో ఒంటి మీద గాయాలు చూడటానికి మహిళా కానిస్టేబుల్‌ను పిలుస్తారు. రిసెప్షన్‌లో ఉన్నా, కోర్టు డ్యూటీలో ఉన్నా ఆ పిలుపు వస్తుంది. కాబట్టి ఈ భయాన్ని పెట్రోలింగ్ తప్పించుకుని దాటలేరు.

భయం ఉంటే ఉద్యోగానికి పనికిరారని నేను అనుకోను. చాలా ఏళ్ల క్రితం ఒక కానిస్టేబుల్‌ను ఆయన భార్య వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటికి 14 ఏళ్ల సర్వీసు. కాలువలోంచి ఒక పసివాణ్ని పైకి తీసిన రోజు నుంచి అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడట. అంతకుముందు ఎన్ని శవాలు చూశాడో లెక్కలేదు, ఎన్నడూ ఇలా కాలేదు. ఆ పిల్లవాడి కాళ్లకు తన కొడుకు చెప్పుల్లాంటి చెప్పులే ఉన్నాయని మూడో వారం గానీ నాతో చెప్పలేదు. స్టేషన్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. ఆయన్ను కుంగదీసింది శవమా, చెప్పుకోలేకపోవడమా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మీరు కనీసం కాగితం మీద చెప్పారు, చిన్న అక్షరాలతోనైనా.

మీ భయం ఏ రకమో తెలుసుకునే దారి మీ ఊళ్లోనే ఉంది. ఈసారి ఎవరైనా పోయినప్పుడు గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చేయకండి. లోపలికి వెళ్లండి. ఆ ఇంటి ఆడవాళ్ల పక్కన కూర్చోండి, స్నానం చేయించేటప్పుడు నీళ్లు అందించండి. చేతులు వణికినా చెంబు అందించగలిగితే, మిగతాది శిక్షణలోనూ పనిలోనూ మెల్లగా అలవడుతుంది. కాళ్లు మిమ్మల్ని అడగకుండానే బయటకు పరుగెత్తితే, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, అప్పుడు మానసిక నిపుణులను కలవండి. నాలుగైదు సార్లు కూర్చుని మాట్లాడితే తగ్గే భయాలు చాలా ఉన్నాయి. దాచుకుని శిక్షణకు వెళ్లడం మాత్రం వద్దు.

ఇంకో మాట అనిపించింది. ఊహ మాత్రమే, తప్పనిపిస్తే పక్కన పెట్టేయండి. మేనమామ పోయింది మీరు పుట్టకముందు. మందుపాతరలో పోయినవాళ్లు ఇంటికి ఎలా వచ్చేవారో ఆ రోజుల్లో ఈ జిల్లాలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పెద్దవాళ్లు చెప్పీ చెప్పకుండా గుసగుసలాడుకున్న మాటలు పిల్లల చెవిన పడతాయి. మీకు ఖాకీ మీద ఇష్టమూ, శవాలంటే భయమూ ఆ ఒక్క ఫొటో దగ్గరే మొదలయ్యాయేమో.

అందుకే అన్నయ్య కన్నా, బావ కన్నా ముందు అమ్మ దగ్గర కూర్చోండి. అప్పట్లో ములుగు, ఏటూరునాగారం వైపు పనిచేసే కానిస్టేబుల్ సెలవు మీద వస్తే యూనిఫామ్ సంచి అడుగున దాచి, మామూలు బట్టల్లో బస్సెక్కేవాడు. అన్నలు, అంటే నక్సలైట్లు ఒకవైపు, పోలీసులు మరోవైపు, మధ్యలో పల్లెలు నలిగిపోయాయి. మీ అమ్మ మౌనం ఆ రోజుల నుంచి వచ్చింది. ఆ మౌనాన్ని మీరు సమ్మతిగా లెక్క వేసుకుంటున్నట్టు ఉత్తరం చదివితే అనిపించింది. అది తొందరపాటు. కాలం మారిందని చెప్పండి, అది నిజమే. ఈ రోజు పెట్రోలింగ్ కానిస్టేబుల్‌కు ఎక్కువ ప్రమాదం రోడ్డు మీద వేగంగా వచ్చే లారీ నుంచి, తాగి నడిపేవాడి నుంచి, నిద్ర లేని తన కళ్ల నుంచి. కానీ “నాకేమీ కాదమ్మా” అని మాత్రం అనకండి. ఆమె తమ్ముడూ వెళ్తూ వెళ్తూ ఆ మాటే అని ఉంటాడు.

బావ షరతుకు వస్తాను. రాత్రి డ్యూటీ లేని కానిస్టేబుల్ ఉద్యోగం రాయించుకోవడం మీ చేతిలో లేదు. మీ చేతిలో లేనిదాన్ని మాట ఇచ్చి పెళ్లి చేసుకుంటే, మొదటి జాతర బందోబస్తుకే ఆ మాట తప్పుతారు. అప్పుడు నా దగ్గరకు రావాల్సింది మీరిద్దరూ. అతను చెడ్డవాడని నాకు అనిపించలేదు, ఉద్యోగం వద్దనలేదు కదా. ఎదురుగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ దిగి వస్తే తలుపు తీసేది ఎవరు? పిల్లలు పుడితే 180 రోజుల ప్రసూతి సెలవు ఉంటుంది. ఆ తర్వాత రాత్రిళ్లు బిడ్డ దగ్గర పడుకునేది ఎవరు? “మా అమ్మ చూసుకుంటుంది” అంటే, మేనత్తను కూడా పిలిచి ఆమె నోటితోనే విన్నాక నమ్మండి.

పరీక్ష గురించి మీరు అడగలేదు గానీ, అప్పు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 2022 ఏప్రిల్‌లో వచ్చిన నోటిఫికేషన్‌కు తుది ఫలితాలు 2023 అక్టోబరులో వచ్చాయి. తొమ్మిది నెలల శిక్షణ 2024 ఫిబ్రవరిలో మొదలై నవంబరులో ముగిసింది. దరఖాస్తు నుంచి స్టేషన్ మెట్లు ఎక్కేదాకా రెండున్నరేళ్లు. పెళ్లి ముహూర్తాన్ని ఫలితాలకు ముడిపెట్టకండి. ఆ నోటిఫికేషన్‌లో మహిళలకు ఎత్తు 152.5 సెంటీమీటర్లు, 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో, 4 కిలోల గుండు 4 మీటర్లు, లాంగ్ జంప్ 2.5 మీటర్లు అడిగారు. పరుగు ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. నయీంనగర్ హాస్టళ్లలో నాలుగేళ్లుగా నోటిఫికేషన్ కోసం కూర్చున్న పిల్లలను చూస్తుంటే నాకు దిగులేస్తుంది. ఒక్క నోటిఫికేషన్ వరకే అని నాన్నతో ముందే ఒప్పందం చేసుకోండి. అప్పు మాత్రం తేనివ్వకండి. బీసీ స్టడీ సర్కిల్ లాంటి ఉచిత శిక్షణ ముందు ప్రయత్నించండి. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ మూలవేతనం 24,280 రూపాయలతో మొదలయ్యే స్కేలులో ఉంది. మిర్చి మీద తెచ్చిన వడ్డీ అప్పును తీర్చడానికి మొదటి ఏడాది జీతమంతా పోతే, ఆ ఉద్యోగం ఎవరికి వచ్చినట్టు?

ఈలోపు ఒక రోజు నర్సంపేట స్టేషన్‌కు వెళ్లి, రిసెప్షన్‌లో ఉండే మహిళా కానిస్టేబుల్‌తో మాట్లాడండి. ఏం చదివావని అడగకండి. నిన్న రాత్రి ఏం జరిగింది, స్టేషన్లో విశ్రాంతికి గది ఉందా, నెలసరి రోజుల్లో బందోబస్తు పడితే ఏం చేస్తావు, మొదటి శవాన్ని చూసిన రోజు ఇంటికెళ్లి ఏం చేశావు అని అడగండి. పని ఒత్తిడి లేని వేళ చూసి వెళ్తే, ఆమె చెబుతుంది.

అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది జవాన్లు చనిపోయిన రోజు అది. ఆ రోజు అమరుల స్తూపాల దగ్గర పేర్లు చదువుతారు, వాళ్ల కుటుంబాలూ వస్తాయి. మీ అమ్మ ఎప్పుడైనా వెళ్లారో లేదో ఉత్తరంలో రాయలేదు. ఈసారి అడిగి చూడండి. వస్తానంటే మీరే తీసుకెళ్లండి, ఉద్యోగం మాట ఎత్తకుండా. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె తన తమ్ముడి గురించి మాట్లాడితే వినండి. మాట్లాడకపోతే కిటికీ వైపు సీటు ఆమెకు ఇచ్చి ఊరికే కూర్చోండి.