చింతపండుతో తోమొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. వాడితో పనిచేసే ఈజిప్టు ఆయన కైరో నుంచి ఒక చిన్న గాజు సీసా తెచ్చిచ్చి, ఇది కాప్టిక్ కాలందని, పదిహేను వందల ఏళ్లదని చెప్పాడంట. లేత ఆకుపచ్చ గాజు, చుట్టూ నీలం చుక్కలు, పైన నెమలీకలాంటి మెరుపు. మా అత్తమ్మేమో మురికిగా ఉంది, చింతపండేసి తోము అంటోంది. తోమొచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆగమ్మా, చింతపండు ఇత్తడి చెంబులకు!

కాప్టులంటే ఈజిప్టులోని స్థానిక క్రైస్తవులు. వాళ్ల పేరుతో చెప్పే కళ ముఖ్యంగా 4 నుంచి 7వ శతాబ్దం దాకా నడిచింది. నీలం చుక్కల మాట అబద్ధం కాదు. ఫయూమ్ ప్రాంతంలో కరానిస్ అనే పాడుబడిన ఊరుంది, అక్కడ మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 1924 నుంచి 1935 దాకా తవ్వితే గాజు సామాను బోలెడు దొరికింది, అందులో నీలం బొట్లు పెట్టిన గరాటు ఆకారం నూనె దీపాలు కూడా ఉన్నాయి. ఊదిన గాజు ఇంకా వేడిగా ఉండగానే కరిగిన నీలం గాజును బొట్టుబొట్టుగా అద్దేవాళ్లు. ఆకుపచ్చ మాత్రం ఎవరూ వేసింది కాదు, ఇసుకలో ఉన్న ఇనుము వల్ల వచ్చేది. ఆ ఇసుక కరగడానికి ఈజిప్టులోనే వాది నత్రూన్ అనే చోట ఉప్పు చెరువుల్లో ఎండిన నాట్రాన్ అనే సోడా కలిపేవాళ్లు. మన పక్క బట్టలుతకడానికి చౌడు మట్టి తెచ్చేవాళ్లు చూడండి, దాదాపు ఆ సోడానే.

ఇక ఆ మెరుపు. అది అలంకారం కాదమ్మా, గాజుకు పట్టిన చీడ. వందల ఏళ్లు భూమిలో ఉంటే తడి గాజులోని సోడాను లాగేస్తుంది, పైభాగం ఉల్లిపొరల్లా విడిపోతుంది, వాటి మీద వెలుగు పడితే వానకు తడిసిన రోడ్డు మీద డీజిల్ మరకలాగా రంగులు కనిపిస్తాయి. తోమితే పొరలు రాలిపోతాయి.

అయితే ఈ మెరుపును కొత్త గాజుకు రసాయనాలతో కూడా తెప్పిస్తారు. కైరోలో పగిలిన సీసాలు కరిగించి ఊదే పని ఇప్పటికీ ఉంది, బుడగలతో అచ్చం పాతదానిలాగే ఉంటుంది. నన్నడిగితే మీది కొత్తదే కావాలని కోరుకుంటాను, ఎందుకంటే 1983 నాటి 117వ నంబరు చట్టం ప్రకారం ఈజిప్టులో పురాతన వస్తువులు అమ్మడం, దేశం దాటించడం నేరం. అంగట్లో కొన్నాడా, పొలంలో దొరికిందా అని తమ్ముడితో ఆయన్ను అడిగించండి. అంగట్లో కొన్న కొత్తదైతే టెన్షన్ లేదు, షోకేసులో పెట్టుకోండి. ఏదైనా సరే, నీళ్లు తగలనివ్వొద్దు, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.