గంట మోగని ఊరు

ప్రశ్న: ఆదివారాలు నలుగురు స్నేహితులకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడిస్తుంటాను. కథ మధ్యయుగపు ఐరోపాలాంటి రాజ్యంలో నడుస్తుంది. మా క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్ర) పొద్దున్నే ప్రార్థన చేసి మంత్రాలు తెచ్చుకుంటాడు, దెబ్బలు తగిలినవాళ్ళకు నయం చేస్తాడు. దాంతో చర్చి కాస్తా ఫస్ట్ ఎయిడ్ సెంటరైపోయింది. ఆ రోజుల్లో చర్చికున్న పట్టును ఆటలో ఎలా చూపించాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నేనూ పడ్డాను ఈ అవస్థ. మొదట్లో చర్చి సీన్ వస్తే చాలు, మెరుపులు మెరిపించి ఆకాశవాణి వినిపించేవాణ్ణి. మూడో వారానికి దేవుడు నోరు తెరవగానే మావాళ్ళు బజ్జీల ప్లేటు వైపు చెయ్యి చాపడం మొదలెట్టారు.

1208లో ఇంగ్లండ్ సంగతి చూడండి. కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా, అంటే ఇంగ్లండ్ చర్చికి పెద్దగా, పోప్ ఎంచిన స్టీఫెన్ లాంగ్టన్‌ను ఒప్పుకోనని జాన్ రాజు మొండికేశాడు. పోప్ మూడో ఇన్నోసెంట్ దేశం మొత్తానికీ పూజలు ఆపించేశాడు. పసిపిల్లల జ్ఞానస్నానం, చావబోయేవాళ్ళ పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) లాంటివి తప్ప అన్నీ బంద్. చనిపోయినవాళ్ళకు చర్చి ఆవరణలో ఆరడుగుల చోటు లేదు. అలా ఆరేళ్ళు! మధ్యలో రాజునే వెలివేశారు. 1213లో జాన్ దిగొచ్చి, రాజ్యాన్ని పోప్‌కు అప్పజెప్పి, ఏటా 1,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) కడతానని ఒప్పుకుని మళ్ళీ ఆయనకు సామంతుడిగా దాన్ని పుచ్చుకున్నాడు. ఇందులో ఒక్క మంత్రమైనా ఉందా?

దీన్నే మా ఆటలో పెట్టాను. పిండిమర ముసలాయన పోయాడు. సమాధుల గేటు దగ్గర ఫాదర్ తాళంచెవి గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు. "బిషప్ గారి ఉత్తరం రావాలి బాబూ." శవం ఎడ్లబండి మీదే ఉంది, కూతురు ఈగలు తోలుతోంది. మా క్లెరిక్ ఎంత గాయమైనా మాన్పగలడు, ఆ గేటు మాత్రం తీయించలేకపోయాడు. గంటసేపు వాదించుకున్నారు, డైస్ ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకొకటి. తప్పు చేస్తే దేవుడు మంత్రాలు లాగేసుకుంటాడని మనం ఆడుతుంటాం కదా, మధ్యయుగపు చర్చి అలా అనుకోలేదు. ఫాదర్ తాగుబోతైనా ఆయన ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లుతుంది. మహిమ ఆ క్రతువుది, చేయించే మనిషిది కాదు. తొలినాళ్ళ క్రైస్తవ పండితుడు అగస్టీన్ కాలం నుంచీ ఉన్న వాదనే ఇది. కాబట్టి మీ క్లెరిక్ ఉన్న ఊళ్ళోనే ఒక తాగుబోతు ఫాదర్‌ను పెట్టండి. బిడ్డ పుడితే జనం ఆయన దగ్గరికే పోవాలి. మీవాడికి ఒళ్ళు మండుతుంది, మండనివ్వండి.

వచ్చే ఆదివారం ఊరంతా వర్ణించండి, చర్చి గంట ఊసు మాత్రం ఎత్తకండి. పూజలు ఆగిన ఊళ్ళో గంటా మోగదు కదా. ఎవరో ఒకరు అడుగుతారు.